గాల్వెస్టన్ నుంచి క్రూజ్ ఎక్కేవాళ్లు తాగడానికి ఏమేం వెంట తీసుకెళ్లొచ్చు

డాలస్ చుట్టుపక్కల ఉండే మాలాంటి తెలుగువాళ్లకి క్రూజ్ అంటే ముందు గుర్తొచ్చేది టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ రేవు. విమానం టికెట్లతో పని లేదు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని కారులో కూర్చోబెట్టుకుని ఐ-45 హైవే ఎక్కితే ఐదు గంటల్లో రేవులో ఉంటాం. కారే కాబట్టి ఏదైనా పడేసుకోవచ్చు అనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం. డిక్కీలో పట్టినవన్నీ షిప్పులోకి రానివ్వరు, ముఖ్యంగా తాగేవాటి విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో రూలు.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు మా అత్తయ్యగారికి పొద్దున్నే ఐదింటికి కాఫీ పడాలని, కరెంటు కెటిల్ ఒకటి పెద్ద సూట్‌కేసులో సర్దాను. రేవులో పోర్టరుకి లగేజీ ఇచ్చేసి పైకి వెళ్లాం. సాయంత్రం అందరి పెట్టెలూ రూముల ముందుకి వచ్చాయి, మాది రాలేదు. ఏడున్నర దాకా చూసి అడిగితే కింద సెక్యూరిటీ దగ్గర ఉందన్నారు. కెటిల్ తీసి చీటీ కట్టి పక్కన పెట్టారు, ఆఖరి రోజు ఇస్తామన్నారు. కెటిల్ పోతే పోయింది, కానీ మామయ్యగారి బీపీ మాత్రలు కూడా అదే పెట్టెలో ఉండిపోవడంతో ఆ మూడు గంటలూ పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ముందే కూర్చుని రూల్స్ చదివి సర్దుతున్నాను. అలా నేర్చుకున్నవే ఇవన్నీ.

అన్నిటికన్నా ముందు ఒకటి. తాగేవి ఏవైనా సరే, రూలు ఒప్పుకున్నవైనా సరే, పోర్టరుకి ఇచ్చే పెట్టెల్లో పెట్టకండి. చేత్తో పట్టుకుని ఎక్స్‌రే దాటించాలి. ఎక్కే రోజు మాత్రమే తేవాలి, మధ్యలో దిగిన ఊళ్లలో కొని తెచ్చుకుంటాం అంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు. సీల్ తీసి ఉండకూడదు. సగం తాగిన సీసా, ఇంట్లో కలిపి పోసుకొచ్చిన నిమ్మరసం బాటిల్, డికాక్షన్ పోసిన గాజు సీసా, ఇవన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. మీరు ఎంత చెప్పినా లోపల ఏముందో వాళ్లకి తెలియదు కదా.

ఇక కంపెనీల సంగతి. గాల్వెస్టన్ నుంచి ఎక్కువగా తిరిగేవి కార్నివాల్, రాయల్ కరీబియన్ షిప్పులు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియకే ఎక్కువమంది ఇబ్బంది పడతారు.

కార్నివాల్‌లో కూల్‌డ్రింకులు, జ్యూసులు, పాలు లాంటివి క్యాన్లలో గానీ అట్టపెట్టెల్లో గానీ ఉండాలి, ఒక్కోటి 12 ఔన్సులు దాటకూడదు, మనిషికి 12 దాకా తెచ్చుకోవచ్చు. అంటే నలుగురు ఉంటే 48. లెక్క ఉదారంగానే ఉంది కానీ బాటిల్ అనే మాటే లేదు. ప్లాస్టిక్ అయినా గాజు అయినా, మంచినీళ్లయినా సరే, 2015 జులై నుంచి బాటిళ్లు ఆపేశారు. చిన్నపిల్లల పాలకీ, వైద్య అవసరాలకీ వాడే నీళ్లకి మాత్రం మినహాయింపు ఉంది. మన ఇండియన్ స్టోర్లో దొరికే చిన్న థమ్స్ అప్ క్యాన్లు, పిల్లల ఫ్రూటీ ప్యాకెట్లు హాయిగా వెళ్లిపోతాయి.

రాయల్ కరీబియన్‌లో బాటిళ్లు ఒప్పుకుంటారు, క్యాన్లు కూడా. కొలత 17 ఔన్సుల వరకు. మామూలు మంచినీళ్ల బాటిల్ 16.9 ఔన్సులు ఉంటుంది కాబట్టి అది లోపలికి వస్తుంది. అయితే ఇక్కడ 12 అనేది మనిషికి కాదు, రూముకి. నలుగురు ఒకే రూములో ఉంటే నలుగురికీ కలిపి 12. కార్నివాల్‌లో వెళ్లొచ్చిన స్నేహితులు చెప్పింది విని ఇక్కడికి నాలుగు కేసులు మోసుకొచ్చి, మూడు కేసులు గేటు దగ్గర వదిలేసినవాళ్లని నా కళ్లతో చూశాను.

కొబ్బరినీళ్ల విషయంలో ప్రత్యేకంగా చూసుకోండి, మనవాళ్లు షుగరు అనీ వేడి అనీ ఇవే ఎక్కువ తెస్తారు. ఇండియన్, చైనీస్ స్టోర్లలో దొరికే పొడుగు క్యాన్ మీద 17.6 ఔన్సులు అని ఉంటుంది, అంటే రెండు షిప్పుల కొలతకీ మించింది. 330 మిల్లీలీటర్ల అట్టపెట్టె కొనుక్కుంటే 11 ఔన్సుల చిల్లర, రెండింటికీ సరిపోతుంది. క్యాన్ తిప్పి వెనకాల సన్నగా రాసిన అంకె చదవడానికి అర నిమిషం పట్టదు.

నార్వేజియన్ షిప్పు అయితే కూల్‌డ్రింకుల సంగతి మర్చిపోండి, సీల్ తీయని శుద్ధి చేసిన నీళ్లు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ, డబ్బు కట్టి తెచ్చుకునే వైన్ గానీ తప్ప వేరే ఏమీ రానివ్వరు. ఎంఎస్‌సీ అయితే బయటి తిండీ పానీయాలూ వద్దంటుంది, పసిపిల్లలకీ ఆరోగ్యానికీ కావలసినవి తప్ప. డిస్నీ మాత్రం పెద్దవాళ్ల విషయంలో అందరికన్నా ఉదారంగా ఉంటుంది: 21 ఏళ్లు నిండినవాళ్లు ఒక్కొక్కరు రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ తెచ్చుకోవచ్చు, అదీ ఎక్కే రోజే కాదు, దిగిన ప్రతి ఊళ్లోనూ. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి, కాబట్టి బయల్దేరే వారం కంపెనీ వెబ్‌సైట్లో ఆ పేజీ తెరిచి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. గేటు దగ్గర కుర్రాడు కాదంటే చూపించడానికి పనికొస్తుంది.

క్యాన్లు తెచ్చేవాళ్లు 12 ఉన్న అట్టపెట్టెని చుట్టూ టేపు వేసి పట్టుకొస్తే మంచిది, లైన్లో గంట నిలబడేసరికి ఆ అట్ట పిడి చిరిగిపోతుంది. కార్నివాల్‌లో అయితే పొడవూ వెడల్పూ ఎత్తూ 12 అంగుళాలు దాటని మెత్తటి చిన్న కూలర్ చేత్తో తెచ్చుకోనిస్తారు, మందులకీ పిల్లల పాలకీ అదే పనికొస్తుంది. పెద్ద ఐస్‌బాక్సులు, చక్రాలున్నవి ఇంట్లోనే వదిలేయండి.

కాఫీ, టీ, మజ్జిగ

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు అసలు శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. మామయ్యగారికి కోక్ దొరక్కపోయినా పర్వాలేదు, పొద్దున్నే ఒక గ్లాసు మంచి కాఫీ పడకపోతే ఆ రోజంతా తలనొప్పే, దాంతో మనకీ.

కెటిల్, కరెంటు కాఫీ మెషిన్, నీళ్లలో ముంచే హీటర్, ఇండక్షన్ పొయ్యి, చిన్న రైస్ కుక్కర్, ఇవేవీ రానివ్వరు. షిప్పులో వేడెక్కే వస్తువంటే నిప్పు భయం, నడిసముద్రంలో నిప్పంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు, అందుకని ఈ రూలు విషయంలో వాళ్లని తప్పు పట్టడానికి ఏమీ లేదు. బ్రిటిష్ కంపెనీల షిప్పుల్లో, అంటే పీ అండ్ ఓ, క్యునార్డ్ లాంటి వాటిలో కెటిల్ వాళ్లే రూములో పెడతారు, ఇక్కడ గాల్వెస్టన్ షిప్పుల్లో ఆ అలవాటు లేదు.

వేడినీళ్లు మాత్రం ఉచితం, ఎన్నిసార్లయినా. బఫే ఉండే అంతస్తులో కాఫీ మెషిన్ పక్కనే వేడినీళ్ల కుళాయి ఉంటుంది, చాలా షిప్పుల్లో అది రాత్రీ పగలూ పని చేస్తుంది. ఒక మంచి మూతున్న ఫ్లాస్కు ఖాళీగా తెచ్చుకోండి, సగం సమస్య తీరిపోతుంది. కాగుతున్న నీళ్లని మూత లేని కప్పుల్లో లిఫ్టులో మోసుకెళ్లకండి, షిప్పు ఊగిందంటే చేయి కాలుతుంది.

ఇన్‌స్టంట్ కాఫీతో సరిపెట్టుకునేవాళ్లకి పెద్ద పని లేదు, చికోరీ కలిసిన ఇన్‌స్టంట్ ప్యాకెట్లు చిన్నవి కొనుక్కుని తెచ్చుకోండి. ఫిల్టర్ కాఫీ తప్ప తాగనివాళ్లకి మేం కనిపెట్టిన ఉపాయం ఇది: ఇంట్లో వాడే చిన్న స్టీలు ఫిల్టర్, దానికి కరెంటుతో పని లేదు కాబట్టి అభ్యంతరం రాలేదు. సీల్ తీయని కాఫీ పొడి ప్యాకెట్ ఒకటి. రాత్రి భోజనం అయ్యాక ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకొచ్చి, రూములో ఫిల్టర్‌లో పొడి వేసి కొంచెం ఎక్కువగానే నొక్కి, నీళ్లు పోసి వదిలేస్తాను. కుళాయి నీళ్లు మన పొయ్యి మీద మరిగినంత వేడిగా ఉండవు, అందుకని పొడి ఒక చెంచా ఎక్కువ పడుతుంది. తెల్లారేసరికి డికాక్షన్ దిగి ఉంటుంది. పాల కోసం పొద్దున్నే బఫేకి వెళ్లి వేడి పాలు అడిగితే ఇస్తారు, కానీ బల్ల మీద చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పెట్టేది పాలు కాదు, క్రీము, అది వేస్తే మన కాఫీ రుచి రాదు. చిక్కటి పాలు కావాలని విడిగా అడగండి. స్టీలు ఫిల్టర్ ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనిపిస్తుంది కాబట్టి చేతిసంచిలో పైనే పెట్టుకుని, అడిగితే మూత తీసి చూపించండి. మా దగ్గర రెండుసార్లు అడిగారు, ఇది కాఫీ చేసుకునేది అంటే నవ్వి పంపించేశారు.

టీ తాగేవాళ్లకి పాలూ పంచదారా కలిపేసిన మసాలా టీ ప్యాకెట్లు చాలా నయం. షిప్పులో ఇచ్చే టీ బ్యాగులతో అల్లం టీ అలవాటైన నోటికి తృప్తి ఉండదు. శొంఠి పొడి చిన్న ప్యాకెట్ ఉంటే షిప్పు ఊగినప్పుడు కడుపులో తిప్పడానికి కూడా కొంచెం సుఖంగా ఉంటుంది.

మజ్జిగ ఇంటినుంచి తేవడం కుదరదు, తేనక్కర్లేదు కూడా. పొద్దున బఫేలో ఏమీ కలపని తెల్ల పెరుగు ఉంటుంది. కప్పు నిండా తీసుకుని, ఐస్ నీళ్లు కలిపి, ఉప్పు చల్లి, మీ దగ్గరున్న జీలకర్ర పొడి వేసి చెంచాతో గిలక్కొడితే చాలు. తియ్యటి వెనీలా పెరుగు పక్కనే ఉంటుంది, పొరపాటున అది పట్టుకొచ్చి మా నాన్నగారికి ఉప్పేసి ఇచ్చాను ఒకసారి, పాపం ఆయన ఏమీ అనకుండా తాగేశారు. రాత్రి పెద్ద డైనింగ్ హాల్లో కూర్చునేవాళ్లు మొదటి రోజే వెయిటర్‌కి చెప్పి ఉంచితే, మర్నాటి నుంచి అడక్కుండానే పెరుగు గిన్నె తెచ్చి పెడతారు. వాళ్లలో చాలామంది మన దేశం వాళ్లే ఉంటారు, మన అవసరం ఇట్టే అర్థం చేసుకుంటారు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు మర్చిపోకండి. షిప్పు ఆగే మెక్సికో ఊరు కోజుమెల్ ఎండలో ఒక పూట తిరిగొచ్చేసరికి పిల్లలు వాడిపోతారు.

మందుల సంచిలో ఉండే తాగేవి

నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడడానికి సీప్యాప్ మెషిన్ పెట్టుకునేవాళ్లకి డిస్టిల్డ్ వాటర్ కావాలి, దానికి అన్ని కంపెనీలూ మినహాయింపు ఇస్తాయి. సీల్ తీయని గ్యాలన్ చేత్తో తెచ్చుకోవచ్చు, లేదా ముందే ప్రత్యేక అవసరాల విభాగానికి రాస్తే రూములో పెట్టించే ఏర్పాటు గురించి చెబుతారు. మెషిన్‌కి పొడుగు వైరు కూడా అక్కడే అడగండి. పసిపిల్లల పాలపొడి, కలిపి సీల్ చేసిన పాల డబ్బాలు కూడా ఇంతే, ఎవరూ ఆపరు.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. పెద్దవాళ్లు తెచ్చుకునే అశ్వగంధారిష్టం, దశమూలారిష్టం లాంటి వాటిలో పులియబెట్టడం వల్ల సహజంగానే ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద ఆ శాతం రాసే ఉంటుంది. దాన్ని వేరే సీసాలోకి ఒంపి తెస్తే గోధుమరంగు విస్కీ సీసా అనుకోవడంలో సెక్యూరిటీవాళ్ల తప్పు లేదు. లేబుల్ ఉన్న అసలు సీసాలోనే, సీల్ తీయకుండా, మిగతా మాత్రలతో కలిపి మందుల సంచిలో పెట్టండి. డాక్టరు చీటీ ఉంటే ఇంకా మంచిది. ఐదు రోజుల కోసం తేకపోయినా పర్వాలేదు అనుకుంటే ఇంట్లో ఉంచి రావడమే నా సలహా.

మంచినీళ్లు కొనకండి, మోయకండి

షిప్పులో కుళాయి నీళ్లు తాగొచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. తాగొచ్చు. సముద్రపు నీటిని ఆవిరి చేసి గానీ, రివర్స్ ఆస్మాసిస్ పొరల్లోంచి పంపి గానీ ఉప్పు తీసేసి, క్లోరిన్ కలిపి సరఫరా చేస్తారు. అమెరికా రేవులకి వచ్చే షిప్పుల మీద ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ నిఘా 1975 నుంచి ఉంది, ముందు చెప్పకుండా ఎక్కి తనిఖీ చేసి 100కి మార్కులేస్తారు, 85 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఫెయిల్. మీరు ఎక్కబోయే షిప్పుకి ఎన్ని వచ్చాయో సీడీసీ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు, నేనైతే బుక్ చేసే ముందే చూస్తాను. రుచి కొంచెం చప్పగా ఉంటుంది, చల్లగా తాగితే తేడా తెలియదు. మనిషికో ఖాళీ బాటిల్ తెచ్చుకుని బఫే దగ్గర నింపుకోండి, ఊళ్లోకి దిగేముందు కూడా నింపుకునే దిగండి. నీళ్లు, మామూలు కాఫీ, టీ, ఐస్ టీ, నిమ్మరసం ఇవన్నీ టికెట్‌లోనే కలిసి ఉంటాయి. కోక్, సీసా నీళ్లు, కాపుచినో, అప్పటికప్పుడు తీసిన పళ్లరసం, వీటికే డబ్బు.

వైన్, మిగతా మందు

వైన్ గానీ షాంపేన్ గానీ 21 నిండిన ఒక్కొక్కరికీ 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి, కార్నివాల్‌లోనూ రాయల్ కరీబియన్‌లోనూ ఇదే. డబ్బా వైన్ చెల్లదు. బీరు, విస్కీ, వోడ్కా ఏవీ చెల్లవు. సీసా రూములో తాగితే ఏమీ అడగరు, డైనింగ్ హాలుకి తీసుకెళ్లి తెరిపిస్తే కార్కేజీ, అంటే బయటి సీసా తెరిచినందుకు రుసుము, వేయొచ్చు, అందుకని ముందే రేటు అడగండి. నార్వేజియన్‌లో మాత్రం రూములో తాగినా సీసాకి 15 డాలర్లు ఎక్కేటప్పుడే కట్టాలి. మూత తిప్పి తీసే సీసా కొంటే కార్క్ తీసే స్క్రూ గొడవ ఉండదు.

టెక్సాస్‌లో ఆదివారం మందు షాపులు మూసే ఉంటాయి, కిరాణా షాపుల్లో వైన్ కూడా పొద్దున పదింటి తర్వాతే అమ్ముతారు. ఆదివారం ఎక్కే షిప్పు అయితే, దారిలో కొందాంలే అనుకోకుండా శనివారమే కొనేయండి. వేరే రాష్ట్రం నుంచి విమానంలో వచ్చేవాళ్లు సీసాని చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చి, రేవుకి వెళ్లేముందు హోటల్లోనే తీసి చేతిసంచిలోకి మార్చుకోవాలి. విమానానికీ షిప్పుకీ రూలు సరిగ్గా తలకిందులు.

మౌత్‌వాష్ సీసాలో వోడ్కా పోసి రంగు కలపడం, షాంపూ డబ్బాలాగా ఉండే ప్లాస్టిక్ సంచులు కొనడం, నీళ్ల బాటిల్ సీల్ తీసి మళ్లీ అతికించడం, ఇవన్నీ చెప్పేవాళ్లు మన వాట్సాప్ గ్రూపుల్లో చాలామంది ఉన్నారు. దయచేసి చేయకండి. ఆ గేటు దగ్గర కూర్చునేవాళ్లు వారానికి వేల సంచులు చూస్తారు, ఆ ఉపాయాలన్నీ వాళ్లకి మనకన్నా ముందే తెలుసు. కార్నివాల్‌లో పట్టుకున్న మందు పారబోస్తారు, తిరిగి ఇవ్వరు. పైగా పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు పేరు పెట్టి పిలిపించుకుని సంచి విప్పి చూపించాల్సి వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు పక్కన ఉండగా ఏ అధికారితోనూ చిన్న గొడవ కూడా తెచ్చుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

నిజంగా తాగేవాళ్లయితే డ్రింక్ ప్యాకేజీ లెక్క వేసుకోండి. రోజుకి ఎన్ని తాగుతారో నిజాయితీగా రాసి, ఒక్కోదానికి 18 నుంచి 20 శాతం టిప్పు కలిపి చూడండి, ప్యాకేజీ ధర మీద కూడా ఆ టిప్పు పడుతుంది. ఇంకో మెలిక ఏమిటంటే, ఒక రూములో ఒక పెద్దమనిషి మందు ప్యాకేజీ తీసుకుంటే అదే రూములోని మిగతా పెద్దలు కూడా తీసుకోవాలి అంటారు. భర్త తాగుతాడు, భార్య తాగదు అన్నచోట ఇది దండగ ఖర్చు, అలాంటప్పుడు ఫోన్ చేసి అడిగితే తాగనివాళ్లకి కూల్‌డ్రింకుల ప్యాకేజీతో సరిపెట్టే వీలు కొన్నిసార్లు ఇస్తారు. మేం ఎప్పుడూ ప్యాకేజీ కొనలేదు, రెండు వైన్ సీసాలూ పిల్లలకి క్యాన్లూ సరిపోయాయి.

దిగిన ఊళ్లో కొన్న టెకీలా సంగతి కూడా చెప్పాలి. కోజుమెల్‌లో కొన్న సీసా షిప్పు ఎక్కేటప్పుడు గేటు దగ్గర బల్ల మీద ఇచ్చేయాలి, చీటీ ఇస్తారు, ఆఖరి రాత్రో మర్నాడు పొద్దునో మీకు చేరుతుంది. ఆ చీటీని రూము కార్డుతో పాటే ఉంచుకోండి. అమెరికాలోకి వచ్చేటప్పుడు 21 దాటినవాళ్లకి మామూలుగా ఒక లీటరు దాకా ఫెడరల్ సుంకం ఉండదు, కానీ గాల్వెస్టన్ టెర్మినల్లో టెక్సాస్ రాష్ట్రం వాళ్ల బల్ల వేరే ఉంటుంది, అక్కడ సీసా లెక్కన రాష్ట్ర పన్ను కట్టాలి. చిన్న మొత్తమే, కానీ దిగే రోజు చేతికి అందేలా బ్యాంకు కార్డు ఉంచుకోండి. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లు ఆ సీసాని టెర్మినల్ దాటిన వెంటనే చెక్-ఇన్ పెట్టెలోకి మార్చేయాలి, మర్చిపోయి చేతిసంచిలో ఉంచితే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సిందే.